గ్యారేజీ మీది గది

హెర్న్‌డన్, వర్జీనియా
ఆదివారం సాయంత్రం

అక్కయ్యకు,

నీ చెల్లెలు విజయ నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు, బావగారు, పిల్లలు అంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కడం తగ్గించమని డాక్టరు చెప్పాడు కదా, తగ్గించావా? చెవి మిషను పెట్టుకుంటున్నావా, లేక డబ్బాతో సహా బీరువాలో పెట్టి తాళం వేశావా? తాళమే వేసి ఉంటావు. అందుకే ఫోను మానేసి ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో నేను చెప్పేది బావగారు విని, సగం మింగేసి, మిగతా సగం నీ చెవిలో అరుస్తుంటే నేనేం చెప్పానో నాకే తెలియడం లేదు. పైగా ఈసారి రాసేవాటిలో కొన్ని బందరు వీధిలోకి వినబడేట్టు అరిపించుకునేవి కావు. నువ్వొక్కదానివే కూర్చుని చదువుకో.

పోయిన ఉత్తరంలో మూడు చోట్ల ఒకే ప్రశ్న వేశావు, సుఖంగా ఉన్నావా అని. బాగానే ఉన్నాను అక్కయ్యా. తింటున్నాను, నిద్ర పడుతోంది, ఒంట్లో ఏ నలతా లేదు. ప్రసాద్ గారు మంచివారు. నన్ను ‘మీరు’ అంటారు, నేనూ అంతే. పెళ్ళయిన ఏడు నెలల్లో ఒక్క మాట ఎక్కువ అనలేదు, ఒక్కటి తక్కువా అనలేదు. ఆయనకు ఇండియా వాళ్ళతో ఆఫీసు ఫోన్లు పొద్దుపోయేదాకా ఉంటాయి. నా నిద్ర చెడుతుందని వచ్చిన నెలలోనే చిన్న గది నాకు ఇచ్చారు. ఇది నీకు ఇంతవరకు రాయలేదు. తప్పుగా అనుకోకు. ఆయన భార్యను, నేను భర్తను, ఇద్దరం ఒకసారి పోగొట్టుకున్న వాళ్ళమే. ఎవరి గది వాళ్ళది, ఎవరి మౌనం వాళ్ళది.

మూర్తి పోయిన తొమ్మిదేళ్ళనుంచీ నా లోపల ఏదో మొద్దుబారి ఉంది. పన్ను పీకించుకున్నాక బుగ్గ ఉంటుందే, అలాగ. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది గాని నొప్పి తెలియదు. అమెరికా గాలి తగిలితే అది పోతుందని నువ్వు అనుకున్నావు, నాకు తెలుసు. పోలేదు. పెరగనూ లేదు. అలాగే ఉంది. దాని గురించి దిగులు పెట్టుకోకు.

ఇక్కడి చలి గురించి మాత్రం చెప్పాలి. బందరులో పుట్టినదాన్ని, ఉక్కపోత తప్ప ఏం తెలుసు నాకు? జనవరి ఆఖరున మంచు మోకాలి లోతు పడింది. వీధిలో కార్లు ఎక్కడున్నాయో గుర్తుపట్టడానికి లేదు. సరిగ్గా ఆ వారమే ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు ఆగిపోయింది. ఇంటి కింద నేలమాళిగలో మన ఇనప్పెట్టె కంటే పెద్దదిగా ఉంటుంది అది. గాలిని వేడిచేసి గొట్టాల గుండా అన్ని గదులకూ పంపుతుంది. బాగుచేయడానికి వచ్చినతను ఏదో అతుకు వేసి, “ఎండాకాలం దాకా లాగిస్తుంది. కొత్తది కొనబోయే ముందు ఇల్లు ఒకసారి చూపించుకోండి. చిల్లులున్న ఇంట్లో ఎంత పెద్ద ఫర్నేసు పెట్టినా వీధిని వెచ్చబెట్టినట్టే” అని చెప్పి వెళ్ళాడు.

ఇల్లు చూపించుకోవడం అంటే వాస్తు కాదు. ఇంటిలోంచి వేడి ఎక్కడెక్కడ కారిపోతోందో పరీక్ష చేసేవాళ్ళు ఉంటారు ఇక్కడ. ఈ ఏడు అలాంటి మరమ్మతులు చేయించుకున్న వాళ్ళకు గవర్నమెంటు పన్నులో కొంత తగ్గిస్తోందట. ప్రసాద్ గారి ఆఫీసులో మనవాళ్ళంతా భోజనాల దగ్గర కిటికీ అద్దాల గురించీ అటకల గురించే మాట్లాడుకుంటున్నారట. ఆయనా కబురు పెట్టారు.

అసలు సంగతికి ముందు శ్రావ్య మాట చెప్పాలి. ప్రసాద్ గారి అమ్మాయి, నీకు ఫోటో పంపాను. పదిహేనేళ్ళు. వాళ్ళమ్మ లలిత పోయి మూడేళ్ళు దాటింది. నన్ను ఆంటీ అంటుంది. ఇక్కడి పిల్లలు నాన్న స్నేహితుల భార్యలను కూడా అలాగే అంటారు కాబట్టి ఆ పిలుపులో మంచీ లేదు, చెడ్డా లేదు. ‘తిన్నావా’ అంటే తిన్నాను అంటుంది, ‘ఇంకొంచెం’ అంటే వద్దు అంటుంది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో లలిత చెల్లెలు ఉంది. జూన్‌లో బడి అయిపోగానే శ్రావ్య ఆ పిన్ని దగ్గరికి వెళ్ళిపోయి, మిగతా చదువంతా అక్కడే చదువుతుందని నేను వచ్చేసరికే ఖాయమైపోయిన మాట. “తనే అడిగింది. నేను సరేనన్నాను” అన్నారు ప్రసాద్ గారు. రేపు చెత్తబండి వస్తుంది అన్నంత మామూలుగా అన్నారు. నేనూ అలాగే విన్నాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున పరీక్ష చేసే ఆయన వచ్చాడు. పేరు వాల్టర్. అరవై దాటిన మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు, మన ఆసుపత్రి కాంపౌండరుగారిలాగే. వీధి తలుపు తీసి, ఆ గుమ్మానికి ఎర్రటి గుడ్డ బిగించి, కింద పెద్ద ఫ్యాను పెట్టాడు. అది ఇంట్లోని గాలిని బయటికి లాగేస్తుంది. అప్పుడు సందులు ఎక్కడుంటే అక్కడినుంచి బయటి గాలి లోపలికి దూసుకొస్తుంది. నమ్ముతావో నమ్మవో, కరెంటు ప్లగ్గుల కన్నాల్లోంచి గాలి వచ్చింది అక్కయ్యా. చేయి పెడితే చల్లగా ఊదుతోంది. వాల్టర్ దగ్గర పొగ వదిలే పుల్ల ఒకటి ఉంది, ఆ పొగ ఎటు పోతే అటు సందు ఉన్నట్టు. మధ్యలో అది అయిపోయింది. నేను దేవుడి దగ్గర అగరుబత్తి వెలిగించి ఇచ్చాను. వాసన చూసి, “ఇదే నయం” అని మిగతా ఇల్లంతా దానితోనే తిరిగాడు. కిటికీల చుట్టూ, బాత్రూము కింద, అటక తలుపు దగ్గర పొగ మెలికలు తిరిగింది.

ఆ తర్వాత ఒక కెమెరా తీశాడు. దాని తెర మీద వెచ్చటి చోట్లు పసుపుపచ్చగా, చల్లటి చోట్లు నీలంగా కనబడతాయి. వంటిల్లు పసుపు. నా గది కొంచెం పసుపు, కొంచెం ఊదా. గ్యారేజీ మీది గది శ్రావ్యది. తలుపు కొట్టాం. “రావచ్చు” అంది. మంచం మీద కూర్చుని కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఒంటి మీద బయట మంచులోకి వేసుకునే లావు కోటు, తల మీద ఊలు టోపీ, దుప్పటి కింద కాళ్ళు.

వాల్టర్ కెమెరా ఎత్తాడు. తెరంతా ముదురు నీలం. మధ్యలో పసుపు బొట్టులాగా ఆ పిల్ల ముఖం.

ఆయన గోడను వేలితో రెండు మూడు చోట్ల తట్టి, చెవి పెట్టి విన్నాడు. “సార్, ఈ గోడలో ఏమీ లేదు. నేల కిందా ఏమీ లేదు. ఇల్లు కట్టినవాడు ఇక్కడ దూది పెట్టడం మరిచిపోయాడు” అన్నాడు. దూది అంటే గోడల మధ్య చలి ఆపడానికి కుక్కే సరుకు.

ప్రసాద్ గారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

“ఎప్పట్నుంచి ఇలా ఉంది?” అన్నారు.

“ఆల్వేస్” అంది శ్రావ్య.

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు.”

“హీటర్ ఒకటి కొనేవాణ్ణి కదమ్మా.”

“ఉంది. అది పెడితే లైట్స్ పోతాయి. సో...” అని దుప్పటి పైకి లాక్కుంది.

“అమ్మ ఉన్నప్పుడు ఇంత చలి లేదుగా?”

“ఉంది. అమ్మ వింటర్‌లో నాతో పడుకునేది.”

ఆయన ముఖం చూడలేక నేను గోడ వైపు తిరిగాను. “నువ్వు భయపడుతున్నావని నీ దగ్గర పడుకుంటోంది అనుకున్నాను” అన్నారాయన. శ్రావ్య తల అడ్డంగా ఊపింది. వాల్టర్‌కు తెలుగు రాదు గాని ఏదో అర్థమైనట్టుంది, కెమెరా కట్టేసి, మెట్లు కొలవాలంటూ కిందికి దిగిపోయాడు.

నా సంగతి కూడా దాచను. ఏడు నెలలుగా ఆ పిల్ల బట్టలు ఉతికి, మడిచి, తలుపు దగ్గర పెడుతున్నాను. తన చోటు కదా అని లోపల అడుగు పెట్టలేదు. ఇరవై ఏళ్ళు ఆసుపత్రి ల్యాబులో పనిచేసినదాన్ని, సీసాలో రంగు రవ్వంత మారితే పట్టుకునేదాన్ని. ఆ ఎర్రబడ్డ ముక్కూ పగిలిన పెదవులూ రోజూ చూస్తూనే ఉన్నాను. చలిదేశం పిల్లలు ఇలాగే ఉంటారు కాబోలు అనుకున్నాను. అనుకుని కూర ముక్కలు తరుక్కున్నాను. ఇది తలచుకుంటే సిగ్గుపడాలని తెలుసు. తెలియడం వరకే.

పని మార్చి మొదటి వారంలో పెట్టుకున్నారు. అటకంతా ఖాళీ చేయాలన్నాడు వాల్టర్. అక్కడ మోకాలి ఎత్తున దూది పోస్తారు, ఆ తర్వాత అక్కడ సామాను పెట్టడానికి ఉండదు. అటకలో ఉన్నవన్నీ లలిత సర్దిన అట్టపెట్టెలు. ఇరవైకి పైగా ఉన్నాయి. “చూడక్కర్లేదు, అన్నీ దింపేయండి. డొనేషన్‌కి ఇచ్చేద్దాం” అన్నారు ప్రసాద్ గారు. ఆయన నిచ్చెన కింద నిలబడ్డారు. నేనూ శ్రావ్యా పైకి ఎక్కాం.

ప్రతి పెట్టె మీదా లలిత తెలుగులో రాసింది, నల్లటి సిరాతో, గుండ్రటి అక్షరాలు. తెలుగులో ఎందుకు రాసిందో శ్రావ్య చెప్పింది. పుట్టినరోజు బహుమతులు కూడా అక్కడే దాచేదట. ఇంగ్లీషులో రాస్తే పిల్ల చదివేస్తుందని.

“ఆంటీ, ఇది ఏం చెప్తుంది?” అని మొదటి పెట్టె నా వైపు తోసింది.

“శ్రావ్య చలి బట్టలు, మూడో ఏడు” అని చదివాను.

“ఇది?”

“దీపావళి ప్రమిదలు. పగిలినవి పైన.”

“ఇది?”

“పనికిరానివి. అయినా ఉంచాలి.”

శ్రావ్య నవ్వింది. ఆ పిల్ల నవ్వు గొంతు నేను అదే మొదటిసారి వినడం. “రియల్లీ? అలా రాసిందా? మళ్ళీ చదవండి.” మళ్ళీ చదివాను. అది పక్కన పెట్టి ఇంకొకటి లాగింది. దాని మీద, “ప్రసాద్ అడిగితే తెలియదనాలి” అని ఉంది.

చదవాలా వద్దా అని ఒక క్షణం ఆగాను. తర్వాత పైకే చదివాను. కిందనుంచి ప్రసాద్ గారు, “ఏమిటి? ఏం రాసి ఉందీ?” అన్నారు. మళ్ళీ చదివి, పెట్టె కిందికి అందించాను.

అందులో ఆయన విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్నప్పుడు రికార్డు చేసుకున్న పాటల క్యాసెట్లు ఉన్నాయట. ఈ ఇంటికి మారినప్పుడు సామాను మోసినవాళ్ళు పోగొట్టారని లలిత ప్రమాణం చేసి చెప్పిందట. ఆ కంపెనీ వాళ్ళతో ఈయన ఆరు నెలలు దెబ్బలాడారట. నిచ్చెన రెండో మెట్టు మీద కూర్చుని పెట్టె ఒళ్ళో పెట్టుకున్నారు. “దొంగది” అన్నారు. “ఎంత దొంగది చూడండి. ఆ గోల భరించలేనని దాచేసింది.” నాతోనే అన్నారు ఆ మాట, లలిత పక్క గదిలో ఉన్నట్టు. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. తర్వాత, “ఏదీ ఎవరికీ ఇవ్వద్దు. హాల్లో పెట్టండి” అన్నారు.

సాయంత్రం దాకా చదువుతూనే ఉన్నాను అక్కయ్యా. చదివినదల్లా ఆ పిల్ల నోట్లో మెల్లగా పలికి చూసుకుంది. నాకు ఏడుపు రాలేదు, అసూయా రాలేదు. ల్యాబులో సీసాల మీద చీటీలు చదివినట్టే చదివాను. ఒకటి మాత్రం తోచింది, ఈవిడతో నాకు స్నేహం కుదిరేది అని.

మర్నాడు పనివాళ్ళు వచ్చారు. ఇద్దరు అటకెక్కి పొడుగాటి గొట్టంతో బూడిదరంగు పొడి ఊదారు. పాత న్యూస్‌పేపర్లను నలగ్గొట్టి చేస్తారట దాన్ని. అంత పెద్ద దేశానికి చివరికి చలి ఆపేది చిత్తుకాగితాలే. ఇంకో ఇద్దరు శ్రావ్య గది గోడ లోపలివైపు నుంచి కోసి తెరిచారు. వాల్టర్ చెప్పినట్టే నిలువు కర్రలు తప్ప ఏమీ లేదు. ఒక ఎండిపోయిన కందిరీగల గూడు, ఇల్లు కట్టినప్పుడు ఎవరో వడ్రంగి మరిచిపోయిన పెన్సిలు, అంతే.

గది లేదు కాబట్టి పిల్ల ఎక్కడ పడుకోవాలన్నది ప్రశ్న. హాల్లో సోఫా చుట్టూ లలిత పెట్టెలు. శ్రావ్య దిండు చంకలో పెట్టుకుని నా గుమ్మం దగ్గరికి వచ్చింది. “ఆంటీ, ఇక్కడ ఓకేనా?” అంది. “రా” అని గోడవైపు జరిగాను. “నాకు గోడ సైడ్ కావాలి” అంది. ఇటు జరిగాను.

తొమ్మిది రోజులు నా పక్కన పడుకుంది. నిద్రలో మెలికలు తిరుగుతుంది, దుప్పటంతా తనే చుట్టేసుకుంటుంది. మంచుముద్దల్లాంటి పాదాలు తెచ్చి నా పిక్కలకు ఆనించేది. మొదటి రెండు రోజులు ఉలిక్కిపడ్డాను, తర్వాత అలవాటైపోయింది. పొద్దున్నే ఇద్దరం వంటింట్లో నిలబడి, తను పాలు, నేను కాఫీ తాగేవాళ్ళం. బడి బస్సు వచ్చేదాకా ఓ పావుగంట. మొదట ఊరికే నిలబడేవాళ్ళం. నాలుగో రోజో అయిదో రోజో ఉన్నట్టుండి అడిగింది.

“మీ ఫస్ట్ హస్బెండ్‌కి ఏం అయింది?”

“గుండె ఆగిపోయింది. ఆఫీసులో. నేనప్పుడు ల్యాబులో ఇంకెవరిదో రక్తం పరీక్ష చేస్తున్నాను. అది పూర్తిచేసి, రాసిపెట్టి వెళ్ళాను.”

“మీరు చాలా ఏడ్చారా?”

“లేదు. రాలేదు. ఏడు ఏడు అని అందరూ వీపు నిమిరారు. అయినా రాలేదు.”

తను రొట్టె అంచులు తుంచి ప్లేటులో వరసగా పెట్టింది. “నాకు కూడా రాలేదు. పిన్ని చాలా ఏడ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు. నాలో ఏదో రాంగ్ ఉంది అనుకున్నాను.”

“అలాంటిదేం లేదు” అన్నాను. “మనుషులు అన్ని రకాలూ ఉంటారు.”

“నాన్నకి చెప్పకండి.”

“చెప్పను.”

బస్సు వచ్చింది. వెళ్ళిపోయింది. ఇదీ బావగారికి చదివి వినిపించకు.

గోడలో దూది కుక్కి, మళ్ళీ మూసి, పూత పూశారు. రంగు మాత్రం మనమే వేద్దామన్నారు ప్రసాద్ గారు. ఆయన ఎప్పుడూ రంగు వేసిన మనిషి కాదు. తండ్రీ కూతురూ దుకాణానికి వెళ్ళి డబ్బా తెచ్చారు. బూడిదరంగు. “ఇదేమిటమ్మా, ఆసుపత్రిలా ఉంటుంది” అంటున్నారాయన. “నాన్నా, మీకు ఏం తెలియదు” అంటోంది తను. ఇద్దరూ కలిసి కిటికీ అద్దాలకూ తివాచీకీ వేసింది పోను మిగిలింది గోడకు వేశారు. వాళ్ళకు పులిహోర పైకి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆయన రోజూ ఆఫీసునుంచి రాగానే ముందు ఆ గదికి వెళ్ళి గోడ మీద అరచేయి ఆనించి చూసేవారు. ఆరిందో లేదో చూడటానికి అనేవారు. అది ఆరాక కూడా వెళ్ళారు.

మొన్న గురువారం వాల్టర్ మళ్ళీ వచ్చి ఎర్రగుడ్డ కట్టి పరీక్ష చేశాడు. అంతా సంతృప్తికరంగా ఉందన్నాడు. “ఇప్పుడు మీ ఇల్లు ఎంత బిగువుగా ఉందంటే, మీకు గాలి చాలదు. బాత్రూములో ఒక చిన్న ఫ్యాను పెట్టి ఎప్పుడూ తిప్పుతూ ఉండాలి” అన్నాడు. “ఇన్ని కన్నాలు పూడ్పించుకుని ఇప్పుడు కొత్త కన్నం పెట్టించుకోవాలా?” అని ప్రసాద్ గారు నవ్వారు. పెట్టించారు కూడా. నిజమే మరి, ఇదివరకు ఇంగువ తిరగమోత పెడితే గంటలో పోయేది, ఇప్పుడు మర్నాటి దాకా పరదాల్లో ఉంటోంది. ఇల్లు నిజంగా వెచ్చగా ఉంది. స్వెట్టరు తీసేసి తిరుగుతున్నాను. రోడ్డు మీద కార్ల చప్పుడు మాత్రం వినబడటం మానేసింది. పగలు ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ చప్పుడే తోడుగా ఉండేదని ఇప్పుడు తెలిసింది. ఫరవాలేదు, రేడియో పెట్టుకుంటున్నాను.

నిన్న శ్రావ్య వంటింట్లో కూర్చుని పిన్నితో ఫోను మాట్లాడింది. స్పీకరులో పెట్టింది, కావాలనే పెట్టిందేమో తెలియదు. నేను దోసెలు పోస్తున్నాను, ప్రసాద్ గారు అంట్లు కడుగుతున్నారు.

“పిన్నీ, నేను సమ్మర్‌లో వస్తాను. త్రీ వీక్స్” అంది.

“మూడు వారాలేమిటే? స్కూల్‌కి అప్లికేషన్ కూడా తెచ్చాను కదా” అంది ఆవిడ.

“నో, స్కూల్ ఇక్కడే.”

“అదేంటి శ్రావ్యా! నీకు రూమ్ రెడీ చేశాను, పెయింట్ వేయించాను...”

“నా రూమ్ కూడా రెడీ అయింది, పిన్నీ.”

ప్రసాద్ గారు వెనక్కి తిరగలేదు. కడిగేసిన కంచాన్నే మళ్ళీ కుళాయి కింద పెట్టి చాలాసేపు కడిగారు. నేను దోసె తిరగేయడం మరిచిపోయాను, మాడింది. మాడిన దోసె ఆయనే తిన్నారు.

ఒక పని చేసిపెట్టాలి అక్కయ్యా. బావగారిని ఒకసారి ఆసుపత్రి ఆఫీసుకు పంపి నా సర్వీసు సర్టిఫికెట్ తీసుకోమను. ఇక్కడ ల్యాబు పనికి మళ్ళీ పరీక్షలు రాయాలట, ముందు ఆ కాగితం ఉండాలట. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే గుమ్మడి వడియాలు కొంచెం పంపు. శ్రావ్య తింటుంది. కారం తక్కువ వెయ్యి.

ఇప్పుడు ఈ మధ్యాహ్నం సంగతి రాసి ముగిస్తాను. రంగు వాసన పోయిందని శ్రావ్య తన గదికి వెళ్ళిపోయింది. దిండు, దుప్పటి ఒక విడత, పుస్తకాలు, ఫోను తీగ ఇంకో విడత. “థ్యాంక్స్ ఆంటీ. మీరు ఇంక ఫ్రీగా పడుకోండి” అంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కోపంగా కాదు, మామూలుగానే. లోపలినుంచి పాట వినిపించింది. పొట్టి చేతుల చొక్కా వేసుకుని ఉంది.

నేను పక్క సర్దుదామని వచ్చాను. దుప్పటి మీద రెండు పొడుగాటి వెంట్రుకలు, గోడవైపు పరుపులో చిన్న గుంట. వాటిని దులపబోయి కూర్చుండిపోయాను. ఛాతీలో ఎడమ పక్కన పిడికిలి పెట్టి అదిమినట్టయింది. గ్యాసు అనుకున్నాను. లేచి మంచినీళ్ళు తాగాను. తగ్గలేదు. నాడి చూసుకున్నాను, బాగానే ఉంది. అప్పుడు అర్థమైంది, అది బాధ అక్కయ్యా. ఉత్త బాధ. ఆ పిల్ల తన గదిలో వెచ్చగా ఉందంటే సంతోషించాలి కదా. నేనేమో, ఆ పూత ఇంకో వారం ఆరకపోతే ఏం పోయింది అనుకుంటూ కూర్చున్నాను. ఇంత స్వార్థం నాలో ఎక్కడ ఉండేదో. లేచి తలుపు దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. ఏం కావాలని పిలవను? ఊరికే వెనక్కి వచ్చి నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మన వీధిలో పెద్దవాళ్ళు ఎవరు అడిగినా విజయ క్షేమంగా ఉందని చెప్పు, అబద్ధం కాదు. మోకాలికి నూనె రాసుకోవడం మానకు. నీ చేయి ఎప్పటిలాగే నా తలమీద ఉండాలి.

రాస్తున్నంతసేపూ ఆ బాధ తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు, ఇంకా అలాగే ఉంది. కంగారు పడి ఫోను చేయించకు. మందూ వద్దు, మొక్కూ వద్దు. ఉండనీ.

నీ చెల్లెలు
విజయ